కోపంగా ఉన్న ఓటరుకు బ్రిటన్ బ్యాలెట్ ఎంతవరకు పనికొస్తుంది? నా రివ్యూ

బ్రిటన్‌లో ఓటు వేసే ఏర్పాటుకి నేను రెండు వేర్వేరు రేటింగులు ఇస్తున్నాను, రెండింటినీ కలిపి ఒకే నంబర్ ఇస్తే అన్యాయం అవుతుంది కాబట్టి. పోలింగ్ కేంద్రంలో పని జరిగే తీరుకు అయిదుకు నాలుగున్నర. "మీలో ఎవరి మీదా నాకు నమ్మకం లేదు" అని చెప్పాలనుకుని వెళ్ళిన మనిషికి ఆ బ్యాలెట్ పేపర్ ఎంత ఉపయోగపడుతుందీ అంటే మాత్రం అయిదుకు రెండు. 2024 జులై 4న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో ఓటేశాను. అప్పటినుంచీ ఇక్కడి మనవాళ్ళు అడిగేది ఒకటే: ఎవరు గెలిచినా ఒరిగేదేం లేనప్పుడు అసలు వెళ్ళడం దేనికి, వెళ్తే మన కోపం వాళ్ళకి తెలిసేలా ఎలా వేయాలి? దానికోసమే ఇది రాస్తున్నాను. ఫలానా పార్టీకి వేయండని చెప్పడానికి కాదు.

తెలియనివాళ్ళకు ముందు ఒక మాట. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు కూడా, వీసా మీద చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్నట్టయితే, పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. కామన్‌వెల్త్ దేశాల పౌరులకు ఈ హక్కు ఉంది. స్టూడెంట్ వీసా అయినా వర్క్ వీసా అయినా తేడా లేదు. ఈ సంగతి తెలియక కౌన్సిల్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని చించి పడేసేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకుంటే ఆన్‌లైన్ నమోదు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, కాకపోతే పోలింగ్‌కు పన్నెండు పని దినాల ముందే గడువు ముగుస్తుంది. 2024లో అది జూన్ 18. ఎన్నికల వేడి ఎక్కాక చూద్దాంలే అనుకున్నవాళ్ళు ఆ తేదీ దాటేశారు.

మా పోలింగ్ కేంద్రం ఒక ప్రైమరీ స్కూల్ హాల్లో పెట్టారు. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా తెరిచే ఉంటుంది, కాబట్టి ఆఫీసుకు వెళ్ళే ముందైనా సరే, వచ్చాకైనా సరే. టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చున్నారు. ఒకావిడ చిరునామా అడిగి, జాబితాలో నా పేరు వెతికి, స్కేలు పెట్టి గీత గీసింది. పాస్‌పోర్ట్ చూపిస్తే ఫోటో చూసి, మొహం చూసి, బ్యాలెట్ చేతికిచ్చింది. ఇంటికొచ్చే పోల్ కార్డు తీసుకెళ్ళకపోయినా ఫరవాలేదు. బూత్ అంటే పలకలు నిలబెట్టి చేసిన చిన్న అర, లోపల దారం కట్టిన పెన్సిల్. పెన్సిల్‌తో గీస్తే ఎవరైనా చెరిపేస్తారేమోనని భయపడేవాళ్ళు సొంత పెన్ను వాడుకోవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. బయట రిబ్బను పువ్వు పెట్టుకుని నిలబడినవాళ్ళు మీ ఓటరు నంబర్ అడిగితే వాళ్ళు పార్టీ కార్యకర్తలు, చెప్పాల్సిన అవసరం లేదు. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు, ఎటు వేస్తావని అడగలేదు. అక్కడ పనిచేసేవాళ్ళు పొద్దున్నే వచ్చి రాత్రిదాకా ఉంటారు, అంతసేపూ ఆ మర్యాద తగ్గకుండా ఉండటం తేలికేం కాదు.

మరి అర మార్కు ఎందుకు కోశానంటే, ఫోటో గుర్తింపు కార్డు నిబంధన. 2022లో చేసిన చట్టం వల్ల పార్లమెంటు ఎన్నికల్లో దీన్ని మొదటిసారి 2024లో అమలు చేశారు. అరవై దాటినవాళ్ళ లండన్ ఆయిస్టర్ కార్డు (బస్సు, రైలు పాస్) చెల్లుతుంది, పద్దెనిమిదేళ్ళు దాటిన స్టూడెంట్ ఆయిస్టర్ కార్డు చెల్లదు. రెండింటి మీదా ఫోటో ఉంటుంది. ఓటు వేయడానికి ముందే బెంగపడే కుర్రవాళ్ళని ఇలా తిప్పి పంపితే మళ్ళీ వస్తారా? ఆ చట్టం తెచ్చినప్పుడు ప్రధానిగా ఉన్న బోరిస్ జాన్సనే 2024 మే స్థానిక ఎన్నికల్లో కార్డు మర్చిపోయి వెళ్ళి, వెనక్కి వచ్చి, తర్వాత మళ్ళీ వెళ్ళి ఓటేశాడు. ఆయనకి మళ్ళీ వెళ్ళే తీరిక ఉంది, రెండు షిఫ్టులు చేసే కేర్ వర్కర్‌కి ఉండదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కార్డు గడువు తీరిపోయినా ఫోటోలో మీరే అని తెలిస్తే చాలు, ఒప్పుకుంటారు. ఏ కార్డూ లేనివాళ్ళకి ఓటరు అథారిటీ సర్టిఫికెట్ ఉచితంగా ఇస్తారు.

ఇక అసలు విషయం, ఆ పేపర్. అభ్యర్థుల ఇంటిపేర్ల అక్షర క్రమంలో వరసగా పేర్లు, పేరు కింద పార్టీ, పక్కన గుర్తు, కుడి చివర ఖాళీ గడి. ఒక్క గడిలోనే ఇంటూ మార్కు పెట్టాలి. రెండో ఇష్టం, మూడో ఇష్టం అని నంబర్లు వేయడానికి లేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు గెలుస్తారు, ఒక్క ఓటు ఎక్కువైనా సరే. మనకి ఇండియాలో 2013 నుంచి నోటా బటన్ ఉంది. దానివల్ల ఫలితం మారదని తెలిసినా కనీసం ఎంతమంది అలా నొక్కారో లెక్క బయటికొస్తుంది. బ్రిటన్ బ్యాలెట్ మీద అది లేదు. ఆఖరి పేరు కింద ఖాళీ, అంతే.

2024లో ఆ ఖాళీ జాగా అవసరమైనవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి. ఎన్నికలకు ముందు వచ్చిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో 45 శాతం మంది, ప్రభుత్వాలు పార్టీ ప్రయోజనం కన్నా దేశ ప్రయోజనాన్ని ముందు పెడతాయని దాదాపు ఎప్పుడూ నమ్మమని చెప్పారు. ఆ సర్వేలో అంత పెద్ద అంకె అంతకుముందు రాలేదు. లాక్‌డౌన్ రోజుల్లో ఆస్పత్రిలో అమ్మానాన్నల్ని చూడనివ్వలేదని ఏడ్చినవాళ్ళకి, అదే సమయంలో ప్రధాని ఆఫీసులో విందు పార్టీలు జరిగాయని తెలిసింది. 2022 సెప్టెంబరులో లిజ్ ట్రస్ ప్రభుత్వం తెచ్చిన మినీ బడ్జెట్ దెబ్బకు చాలామంది ఇంటి లోన్ వడ్డీలు అమాంతం పెరిగిపోయాయి, ఆవిడ పదవిలో ఉన్నది 49 రోజులు. మనవాళ్ళ బాధ ఇంకోటి. 2024 ఫిబ్రవరి నుంచి వీసాకి కట్టే హెల్త్ సర్‌చార్జి పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, ఆ మార్చి నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి వీల్లేకుండా చేశారు, ఏప్రిల్‌లో స్కిల్డ్ వర్కర్ వీసాకి జీతం పరిమితిని 38,700 పౌండ్లకు పెంచారు. ఇది చేసిన కన్సర్వేటివ్ పార్టీ మీద కోపంతో ఎదుటి పార్టీ లేబర్ మేనిఫెస్టో తెరిస్తే వాళ్ళూ వలసలు తగ్గిస్తామనే రాశారు. దొందూ దొందే అని మా ఫ్రెండ్ అంటే నేను కాదనలేకపోయాను.

దానికి తోడు ఇంటికి వచ్చే కరపత్రాలు. ఒక పెద్ద బార్ చార్టు, కింద "ఇక్కడ గెలవగలిగేది మేమే, మిగతావాళ్ళకి వేస్తే ఓటు వృథా". ఆ గీతల ఎత్తు చూసి, పక్కన రాసిన శాతం చూసి, స్కేలు పెట్టి కొలిస్తే రెండూ కలవవు. కొన్నిట్లో అది పార్లమెంటు ఎన్నికల లెక్క కూడా కాదు, ఎప్పుడో జరిగిన కౌన్సిల్ ఎన్నికల లెక్క. మా ఏరియా ఒక పార్టీ కంచుకోట, అందుకే అభ్యర్థులెవరూ మా వీధికి రాలేదు. హెల్త్ సర్‌చార్జి గురించి ఒక అభ్యర్థికి ఈమెయిల్ పెడితే సంబంధం లేని రెడీమేడ్ జవాబు వచ్చింది. ఓటరుకి విసుగు ఇలాగే పుడుతుంది. మనల్ని మోసం చేశారన్న బాధ ఒకటైతే, మనతో అవసరమే లేదన్నట్టు ప్రవర్తించడం ఇంకా ఎక్కువ బాధ.

సరే, కోపం ఉంది. ఏం చేయొచ్చు?

అందరూ ముందు చేసేది ఇంట్లో కూర్చోవడం. 2024లో పోలింగ్ 60 శాతానికి కాస్త తక్కువ, 2001 తర్వాత ఇదే అతి తక్కువ. 1992లో ఇది 77 శాతం దాటింది. మాంచెస్టర్ రషోమ్‌లో అయితే 2024లో నమోదైన ప్రతి పది మందిలో నలుగురే వచ్చారు. దీన్ని నిరసన అనుకునేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను, ఎందుకో చెప్తాను. ఎన్నిక అయిపోయాక, పోలింగ్ కేంద్రంలో గీతలు గీసిన ఆ జాబితా కాపీని పార్టీలు తీసుకోవచ్చు. మీరు ఎవరికి వేశారో అందులో ఉండదు, వచ్చారా లేదా అన్నది మాత్రం ఉంటుంది. వచ్చే ఎన్నికల్లో ఏ తలుపు కొట్టాలి, ఏ వీధిలో కరపత్రం వేయాలి అన్నది వాళ్ళు దాన్ని చూసి కూడా తేల్చుకుంటారు. ఎప్పుడూ రాని ఇంటికి ఎవరూ రారు. అలిగి ఇంట్లో కూర్చుంటే, అలిగినవాళ్ళకీ బద్ధకించినవాళ్ళకీ వాళ్ళ లెక్కలో తేడా ఏమీ ఉండదు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు, కుర్రవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు ఇలా దూరంగా ఉంటే, ఇల్లు ఉన్న పెద్దవాళ్ళకి నచ్చే హామీలే మేనిఫెస్టోల్లో పెరుగుతాయి. ఈ పద్ధతికి నేను ఒక్క మార్కు కూడా ఇవ్వను.

రెండోది, వెళ్ళి కావాలని చెల్లని ఓటు వేయడం. ఖాళీగా మడిచి వేయొచ్చు, లేదా పేపర్ అంతటా గీత గీసి "ఎవరూ వద్దు" అని రాయొచ్చు. ఇది నేరం కాదు. దీనివల్ల ఒక చిన్న లాభం ఉంది, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. లెక్కింపు రోజు అనుమానం ఉన్న ప్రతి పేపర్‌నీ రిటర్నింగ్ ఆఫీసర్ పక్కన పెట్టి, అభ్యర్థులకీ వాళ్ళ ఏజెంట్లకీ చూపిస్తూ ఇది చెల్లుతుందా లేదా అని తేలుస్తారు. అంటే మీరు రాసిన మాట ఎవరికోసం రాశారో వాళ్ళ కళ్ళబడే అవకాశం నిజంగా ఉంది. తర్వాత చెల్లని ఓట్లు ఇన్ని అని స్టేజి మీద చదువుతారు. అయితే అక్కడితో సరి. మీ కోపం ఆస్పత్రి మీదా, ఇరాక్ మీదా, గాజా మీదా, ఇంటి అద్దె మీదా అన్నది ఆ అంకెలో ఉండదు. పొరపాటున ఇద్దరికి గుర్తు పెట్టినవాళ్ళ పేపర్ కూడా అదే మొత్తంలో కలుస్తుంది.

ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే పేపర్ మీద ఏం గీసినా ఓటుగానే లెక్కిస్తారు. ఇంటూ మార్కే ఉండాలని లేదు. 2015లో వేల్స్‌లోని మాంట్‌గొమరీషైర్‌లో ఒకరు కోపంతో కాబోలు, ఒక అభ్యర్థి గడిలో బూతు బొమ్మ వేశారు. అది గడి దాటకుండా ఆ ఒక్కరి పేరు పక్కనే ఉందని ఆ అభ్యర్థికే ఓటుగా చేర్చారు. గెలిచిన ఆ ఎంపీ గ్లిన్ డేవిస్ ఈ సంగతి తనే బయటపెట్టాడు. కాబట్టి ఎవర్నైనా తిట్టాలనుకుంటే వాళ్ళ గడిలో తిట్టొద్దు. మీరెవరో తెలిసేలా పేరు, సంతకం రాసినా పేపర్ చెల్లదు. ఈ పద్ధతికి రెండు మార్కులు.

వేషాలు వేసుకుని నిలబడే అభ్యర్థులు మూడో దారి. కౌంట్ బిన్‌ఫేస్ అని తలకి చెత్తడబ్బా పెట్టుకునే ఆయన 2024లో అప్పటి ప్రధాని రిషి సునాక్ మీద రిచ్‌మండ్ అండ్ నార్తలర్టన్‌లో పోటీ చేస్తే 308 ఓట్లు వచ్చాయి. చాలామంది దీన్ని కొట్టిపారేస్తారు. నాకు మాత్రం ఇందులో విలువైనది ఒకటి కనిపిస్తుంది. పది మంది ఓటర్లు సంతకం చేసి, 500 పౌండ్లు డిపాజిట్ కడితే ఎవరైనా నామినేషన్ వేయొచ్చు, ఫలితం చదివేటప్పుడు ప్రధాని అయినా సరే వాళ్ళ పక్కనే నిలబడటం ఆనవాయితీ. 2005లో సెడ్జ్‌ఫీల్డ్‌లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఇరాక్‌లో కొడుకుని పోగొట్టుకున్న రెగ్ కీస్, ఆ యుద్ధానికి సైన్యాన్ని పంపిన టోనీ బ్లెయిర్ మీద ఇండిపెండెంట్‌గా నిలబడ్డాడు. నాలుగు వేలకు పైగా ఓట్లు, పదిశాతం. గెలవలేదు, గెలుస్తానని అనుకుని ఉండడు కూడా. కానీ ఆ రాత్రి మైకు ముందు ఆయన తన కొడుకు గురించి, ప్రధాని ఏదో ఒక రోజు క్షమాపణ చెప్తాడన్న ఆశ గురించి మాట్లాడుతుంటే బ్లెయిర్ వెనక నిలబడి కదలకుండా వినాల్సి వచ్చింది. వీడియో దొరికితే బ్లెయిర్ మొహం చూడండి. ఈ సర్వీసులో నాకు బాగా నచ్చిన అంశం ఇదే, దీన్ని ఎవరూ తీసేయకూడదని కోరుకుంటాను. 1985లో డిపాజిట్‌ని 150 నుంచి 500 పౌండ్లకు పెంచారు, దానితోపాటే డిపాజిట్ దక్కడానికి కావాల్సిన ఓట్లని ఎనిమిదో వంతు నుంచి అయిదు శాతానికి దించారు. అప్పటినుంచీ 500 అలాగే ఉంది, అదీ మంచిదే.

చిన్న పార్టీకి వేయడం గురించి మాట్లాడితే లెక్కలు చెప్పక తప్పదు. 2024లో వలసల్ని గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీకి 41 లక్షల ఓట్లు వచ్చాయి, 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకి అంతకన్నా తక్కువ, 35 లక్షల ఓట్లు, 72 సీట్లు. గ్రీన్స్‌కి దాదాపు 19 లక్షలు, 4 సీట్లు. లేబర్‌కి మూడో వంతు ఓట్లు, 411 సీట్లు. పైగా 2019లో చిత్తుగా ఓడిపోయినప్పుడు లేబర్‌కి వచ్చిన ఓట్లకన్నా 2024లో గెలిచినప్పుడు వచ్చినవి తక్కువ! ఓట్లు దేశమంతా పరుచుకుంటే సీట్లు రావు, కొన్ని చోట్ల గుంపుగా పడితే వస్తాయి, లిబరల్ డెమొక్రాట్లు సరిగ్గా అదే చేశారు. ఇది కొత్త జబ్బు కాదు. 1983లో సోషల్ డెమొక్రాటిక్ పార్టీ (ఎస్‌డీపీ), లిబరల్ పార్టీల కూటమికి 25 శాతం ఓట్లు వస్తే 23 సీట్లే, 2015లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలనే యూకిప్ పార్టీకి 38 లక్షలు దాటితే ఒకే ఒక్క సీటు, క్లాక్టన్. మార్చుకునే అవకాశం 2011 మేలో రిఫరెండం రూపంలో వచ్చింది. అభ్యర్థులకి నంబర్లు వేసే పద్ధతి కావాలా అని అడిగితే ఓటేసినవాళ్ళలో 68 శాతం వద్దన్నారు. అదేం గొప్ప పద్ధతి కాదు, అయినా ఇప్పటిదానికన్నా మేలని నా అభిప్రాయం.

సీటు రాకపోతే ఓటు మురిగిపోయినట్టేనా? నేనలా అనుకోను. పార్లమెంటులో అడుగుపెట్టిన ప్రతిపక్ష పార్టీలకి షార్ట్ మనీ అని ప్రభుత్వ సొమ్ము ఇస్తారు, దాన్ని లెక్కగట్టేటప్పుడు సీట్లతోపాటు దేశమంతా వచ్చిన ఓట్లని కూడా చూస్తారు. రెండో స్థానం ఇంకా పెద్ద విషయం. రిఫార్మ్ 2024లో 98 చోట్ల రెండో స్థానంలో నిలిచింది, వచ్చే ఎన్నికలకి ఆ ఊళ్ళలో "మేమే ప్రత్యామ్నాయం" అని చెప్పుకోడానికి అదొక్కటి చాలు. రంకార్న్ అండ్ హెల్స్‌బీలో 2025 మేలో ఉప ఎన్నిక వస్తే ఆ పార్టీ ఆరు ఓట్ల తేడాతో గెలిచేసింది. యూకిప్ విషయంలోనూ, సీట్లు రాకపోయినా కన్సర్వేటివ్ ఓట్లు అటు పోతాయన్న భయం, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న రిఫరెండం హామీకి ఒక కారణం. నాకు ఆ పార్టీల విధానాలు ఎంతమాత్రం నచ్చవు, వలస వచ్చిన మనిషిగా వాళ్ళ మాటలు వింటుంటే టెన్షన్ కూడా వస్తుంది. అయినా ఈ సర్వీసులో నిరసన ఓటు పనిచేసే తీరుకి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు, నచ్చలేదని దాచలేను.

ఇక ఇండిపెండెంట్లు. నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది వీళ్ళకి, ఒక షరతుతో. కోపానికి ఒక ఊరు, ఒక కారణం ఉండాలి. 1997లో టాటన్‌లో కన్సర్వేటివ్ ఎంపీ నీల్ హామిల్టన్ మీద డబ్బులు తీసుకుని పార్లమెంటులో ప్రశ్నలు అడిగాడన్న ఆరోపణలొస్తే, లేబర్, లిబరల్ డెమొక్రాట్లు తమ అభ్యర్థుల్ని తప్పించారు, తెల్ల సూటు వేసుకునే బీబీసీ విలేకరి మార్టిన్ బెల్ పదకొండు వేల మెజారిటీతో గెలిచాడు. 2001లో వైర్ ఫారెస్ట్‌లో జరిగింది ఇంకా గొప్ప సంగతి. అక్కడి కిడ్డర్‌మిన్‌స్టర్ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ విభాగం ఎత్తేశారని ఊరు ఊరంతా మండిపడింది. ఆ ఆస్పత్రిలోనే పనిచేసి రిటైరైన డాక్టర్ రిచర్డ్ టేలర్ నిలబడి, అప్పటి ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న లేబర్ ఎంపీని 17,630 ఓట్ల తేడాతో ఓడించాడు. గుర్తుంచుకోండి, దేశమంతా పోలింగ్ 59 శాతానికి పడిపోయి, జనానికి రాజకీయాల మీద ఆసక్తి పోయిందని పేపర్లు రాసిన ఎన్నికలవి. 2005లో మళ్ళీ గెలిచాడు. ఎమర్జెన్సీ విభాగం పాత రూపంలో తిరిగి రాలేదు, అది నిజం. కానీ ఒక ఆస్పత్రిని మూసేముందు ఆ తర్వాత ఏ మంత్రి అయినా కిడ్డర్‌మిన్‌స్టర్‌ని తలుచుకోకుండా ఉండలేని పరిస్థితి వచ్చింది.

ఇదే ఆయుధం చేతికి తగలడం కూడా ఉంది. 2024లో లెస్టర్ ఊరినే తీసుకోండి, మన ఇండియన్లు ఎక్కువగా ఉండే ఊరు. లెస్టర్ సౌత్‌లో గాజా విషయంలో లేబర్ వైఖరి మీద కోపం, కళ్ళ పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్ట్ షాకత్ ఆడమ్ అనే ఒక్క ఇండిపెండెంట్ వెనక చేరింది, రాబోయే మంత్రివర్గంలో ఉంటాడనుకున్న జొనాథన్ యాష్‌వర్త్ 979 ఓట్లతో ఓడిపోయాడు. పక్కనే ఉన్న లెస్టర్ ఈస్ట్‌లో గతంలో లేబర్ తరఫున గెలిచిన ఇద్దరు, క్లాడియా వెబ్, కీత్ వాజ్, ఎవరికి వారే విడిగా నిలబడ్డారు. ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలకు పైగా ఓట్లు, లేబర్ ఓడిన తేడా నాలుగు వేల చిల్లర. కన్సర్వేటివ్ అభ్యర్థి శివాని రాజా గెలిచింది. దేశమంతా కన్సర్వేటివ్‌లు కుప్పకూలిన ఆ రాత్రి వాళ్ళు ఎదుటి పార్టీ నుంచి లాక్కున్న సీటు అదొక్కటే. ఓట్ల చీలిక ఒక్కటే కారణమని నేను చెప్పను, అక్కడ హిందూ ఓటర్లలో చాలామంది అప్పటికే లేబర్‌కి దూరమయ్యారు. కానీ రెండు సీట్ల మధ్య తేడా చూస్తే ఒకటి తెలుస్తుంది: కోపం ఒక పేరు వెనక చేరితే ఒకలా ఉంటుంది, నాలుగు పేర్ల మీద చెదిరితే ఇంకోలా ఉంటుంది. సౌత్ వెస్ట్ నార్ఫోక్‌లో లిజ్ ట్రస్ మీద విసిగిపోయిన సొంత పార్టీ వాళ్ళు కూడా ఇండిపెండెంట్ జేమ్స్ బాగ్ వైపు వెళ్తే, ఆయనకి ఆరు వేలకు పైగా ఓట్లు పడ్డాయి, ఆవిడ 630 తేడాతో సీటు పోగొట్టుకుంది. వాళ్ళు కోరుకున్నది అదే, అయింది.

అందుకే ఓటేసే ముందు మీ నియోజకవర్గంలో కిందటిసారి మెజారిటీ ఎంతో చూడండి. హెండన్‌లో 2024 మెజారిటీ 15, పూల్‌లో 18. అలాంటి చోట చెల్లని ఓటు వేయాలనుకుంటే, మీకు అస్సలు ఇష్టం లేనివాళ్ళు గెలిచినా ఫరవాలేదా అని ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి. మాలాంటి కంచుకోటల్లో ఆ భయం లేదు, మనసుకి నచ్చినవాళ్ళకి నిశ్చింతగా వేయొచ్చు. నేను ఇండిపెండెంట్‌కి వేశాను. అద్దెల గురించి, ఈ ఊరి ఆస్పత్రి గురించి కరపత్రంలో సూటిగా రాసినది ఆవిడ ఒక్కతే. డిపాజిట్ గల్లంతయింది. వచ్చేసారి ఆవిడ నిలబడితే మళ్ళీ వేస్తాను. చోర్లీలో ఉండేవాళ్ళ పరిస్థితి వేరు. అది స్పీకర్ లిండ్సే హోయ్ల్ సీటు, ఆనవాయితీ ప్రకారం పెద్ద పార్టీలేవీ అక్కడ పోటీ పెట్టవు, ప్రభుత్వాన్ని దించాలన్నా నిలపాలన్నా అక్కడి ఓటరుకి దారే లేదు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

రెండు మార్కుల్ని నాలుగు చేయడానికి నేను అడిగేది పెద్దదేం కాదు. ఆఖరి పేరు కింద ఇంకో గడి, "పై వాళ్ళెవరూ కాదు" అని. దాన్ని చెల్లని ఓట్లలో కలపకుండా విడిగా లెక్కపెట్టి, స్టేజి మీద అభ్యర్థుల ఓట్లతోపాటు చదవాలి. నంబర్లు వేసే పద్ధతి వస్తే ఇంకా మంచిది, కోపాన్ని మొదటి నంబర్లో చూపించి, భయాన్ని రెండో నంబర్లో తీర్చుకోవచ్చు.

చివరగా పోస్టల్ ఓటు గురించి, ఎందుకంటే మనవాళ్ళు సెలవుల్లో ఇండియా వెళ్తుంటారు. 2024లో చాలామందికి ఈ కవర్లు ఆలస్యంగా వచ్చాయి, నాకు తెలిసిన ఒకాయనకి విమానం ఎక్కేదాకా రాలేదు, ఆయన ఓటు పోయింది. ప్రయాణం ఉంటే ప్రాక్సీ పెట్టుకోవడం నయం, మీ బదులు నమ్మకమైనవాళ్ళు వెళ్ళి వేస్తారు. ఆ 2022 చట్టం ప్రకారం పోస్టల్ ఓటు ఏర్పాటు మూడేళ్ళకి మించి ఉండదు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇల్లు మారితే ఓటు నమోదు కూడా మళ్ళీ చేయాలి. ఊళ్ళోనే ఉండి కవర్ రాకపోతే, పోలింగ్‌కి నాలుగు పని దినాల ముందు నుంచి పోలింగ్ రోజు సాయంత్రం 5 దాకా కౌన్సిల్ ఎన్నికల ఆఫీసులో ఇంకోటి అడగొచ్చు. నింపాక పోస్టులో వేసే టైము లేకపోతే రాత్రి 10 లోపు మీ నియోజకవర్గంలో ఏ పోలింగ్ కేంద్రంలోనైనా ఇవ్వొచ్చు, అక్కడ ఒక చిన్న ఫారం నింపమంటారు, అది నింపకపోతే ఓటు లెక్కలోకి రాదు.